రెండో మానిటర్ ఎవరి వైపు?

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చి కౌన్సెలింగ్ మొదలయ్యాక నరసరావుపేట, మాచర్ల, గురజాల నెట్ సెంటర్లలో కుర్చీ దొరకదు. పిల్లాడు, వాడి వెనక తండ్రి, చేతిలో ర్యాంకు కార్డు, ఎవరో తెలిసినాయన పెన్నుతో రాసిచ్చిన కాలేజీల జాబితా. వీళ్లకూ కంప్యూటర్‌కూ మధ్య కూర్చున్న ఆపరేటర్ ముందు ఒకే మానిటర్. అందులో బ్రౌజర్ తెరిచి, ఇరవై ట్యాబులు పెడతాడు. ట్యాబుల పేర్లు కుంచించుకుపోయి చిన్న గుర్తులే మిగులుతాయి. కావలసిన కాలేజీలు, బ్రాంచీల ఆప్షన్లు పెట్టే పేజీ ఒకటి, కాలేజీల కోడ్లు ఒకటి, పోయినేడాది చివరి ర్యాంకుల పట్టిక ఇంకొకటి. ఒకటి చూసి గుర్తుపెట్టుకుని, రెండో దాంట్లోకి వెళ్లి నొక్కాలి. పొరపాట్లు పుట్టేది ఇక్కడే.

వాటి ఖరీదు తెలియాలంటే సీటు ఎలా వస్తుందో చూడాలి. కౌన్సెలింగ్ కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కో విద్యార్థి దగ్గరికి వస్తుంది. అతని జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. ఏ ఆప్షన్ దగ్గర సీటు ఖాళీగా ఉంటే అది ఇచ్చేసి, ఆ కిందివి చూడదు. అంటే మూడో వరుసలో పొరపాటున పడిన కాలేజీలో సీటు ఉంటే, నిజంగా కావాలనుకున్న నాలుగోది ఆ విడతలో ఇక అందదు. పొరపాటు పడడమా, ఎంత తేలికో! సీఎస్‌ఎం అంటే కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్‌తో కూడిన కంప్యూటర్ సైన్స్. సీఎస్‌డీ అంటే డేటా సైన్స్. తేడా ఒక్క అక్షరం. నరసరావుపేటలోనే కాకినాడ జేఎన్‌టీయూ వారి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, నరసరావుపేట ఇంజినీరింగ్ కాలేజీ అనే ప్రైవేటు కాలేజీ కూడా ఉంది. హడావిడిలో ‘నరసరావుపేట’ అన్న మాట చూసి నొక్కేస్తే యూనివర్సిటీ కాలేజీ అనుకున్నది ప్రైవేటు కాలేజీ అవుతుంది.

అందుకే ప్రతి సెంటర్‌లో రెండో మానిటర్ ఉండాలంటాను. కొత్తది కొననక్కర్లేదు. చాలా కంప్యూటర్ల వెనక వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండు సాకెట్లూ ఉంటాయి, అటక మీద పాత మానిటర్ ఉండనే ఉంటుంది. ఒక కంప్యూటర్‌కు ఒకటికి మించి తెరలు పెట్టుకునే సదుపాయం విండోస్‌లో 1998 నుంచీ ఉంది.

ఆపరేటర్లూ, వైరు తగిలించాక విండోస్ బటన్‌తో పాటు పి నొక్కండి. డూప్లికేట్ అంటే రెండు తెరల మీదా ఒకటే బొమ్మ. ఎక్స్‌టెండ్ అంటే రెండూ కలిసి ఒక పొడవాటి బల్ల. కస్టమర్‌కు కనిపించాలని కొన్నిచోట్ల డూప్లికేట్ పెడతారు. అప్పుడు ట్యాబులు మార్చే పని అలాగే మిగిలిపోతుంది, పైగా మీరు తెరిచేవన్నీ ఎదుటి మనిషి చూస్తాడు. ఎక్స్‌టెండే పెట్టుకోండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని కనిపించే పెట్టెలను బల్ల మీద మానిటర్లు ఎలా ఉన్నాయో అలాగే జరపండి. అది చేయకపోతే మౌస్ కుడివైపు వెళ్లాల్సింది ఎడమవైపు తేలుతుంది.

ఇక ఏ విండో ఎక్కడ? కోడ్ల జాబితా, పాత ర్యాంకుల పట్టిక మీ ఎదుటి మానిటర్ మీద ఉంచండి. విండోస్ బటన్‌తో ఎడమ బాణం నొక్కితే ఒకటి ఎడమ సగంలో, కుడి బాణం నొక్కితే ఇంకొకటి కుడి సగంలో కూర్చుంటాయి. ఆప్షన్లు పెట్టే పేజీని మాత్రం ట్యాబు పట్టుకుని బయటికి లాగి విడి విండో చేసి, విండోస్ బటన్, షిఫ్ట్ పట్టుకుని బాణం నొక్కి రెండో మానిటర్ మీదికి పంపండి. ఆ మానిటర్‌ను మీకూ పిల్లాడికీ కనబడేలా ఏటవాలుగా తిప్పండి. మీకు మెడ తిప్పడం కాస్త ఎక్కువవుతుంది, నిజమే. కానీ నింపుతున్నది అతని భవిష్యత్తు, అతని కళ్లు దాని మీద ఉండాలి. కాలేజీ, బ్రాంచి పైకి చదవండి, అతను చూసి అవునన్నాకే తర్వాతి వరుసకు వెళ్లండి.

ఆ రెండో తెర మీద ఇంకేదీ ఉండకూడదు. ముందొచ్చిన వాళ్ల ఆధార్ కాపీలు, వాట్సాప్ వెబ్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మీ వైపే. నోటిఫికేషన్లు కూడా ఆపేయండి.

ఇద్దరు విద్యార్థుల పని ఒకేసారి చేసే సెంటర్లకు ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఒకే బ్రౌజర్‌లో విండోలు ఎన్ని తెరిచినా లాగిన్ సాధారణంగా అన్నిటికీ ఒకటే. రెండో విండోలో ఇంకొకరి వివరాలతో లాగిన్ అయితే మొదటి విండో కూడా లోపల్లోపల ఆ రెండో మనిషిదై పోవచ్చు. ఇన్‌కాగ్నిటోలో రెండు విండోలు తెరిచినా ఇదే పరిస్థితి, అవి కూడా ఒకే ఖాతాను పంచుకుంటాయి. క్రోమ్‌లో ఒక్కో కౌంటర్‌కు ఒక్కో ప్రొఫైల్ పెట్టి, వేర్వేరు రంగులు ఇవ్వండి. మెనూలో విండోకు పేరు పెట్టే సదుపాయం కూడా ఉంది. ‘మాచర్ల అబ్బాయి’ అని పెట్టుకున్నా చాలు, ఆల్ట్, ట్యాబ్ నొక్కినప్పుడు ఎవరిదేదో తెలుస్తుంది.

మానిటర్ వైరు ఊడితే ఒక్కోసారి విండో కనబడకుండా పోతుంది. ఆల్ట్, ట్యాబ్‌తో దాన్ని ఎంచుకుని విండోస్ బటన్, షిఫ్ట్, బాణం నొక్కితే తిరిగొస్తుంది. కరెంటు పోయి వచ్చాక కంట్రోల్, షిఫ్ట్, టి నొక్కితే మూతపడ్డ ట్యాబులు మళ్లీ తెరుచుకుంటాయి. కానీ సేవ్ చేయని ఆప్షన్లు తిరిగి రావు. కొన్ని వరుసలు పెట్టగానే సేవ్ చేస్తూ పొండి, యూపీఎస్ ఉన్నా సరే.

ఈ అమరిక ఆప్షన్లకే పరిమితం కాదు. భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1-బి, అడంగల్ తీయించుకోవడానికి వచ్చిన రైతుకు కూడా సర్వే నంబరు తన కళ్లతో చూసుకునే వీలుండాలి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి కలెక్టరేట్ నరసరావుపేటకు వచ్చింది, అయినా కాగితం పని ఎక్కువగా నడిచేది ఈ చిన్న కౌంటర్ల దగ్గరే. సెంటర్ నడిపే మిత్రులు కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు ఆ పాత మానిటర్ దించి తగిలించండి. విద్యార్థులూ, తల్లిదండ్రులూ, తెర మీ వైపు తిప్పమని అడగండి. ప్రింటు చేతికొచ్చాక ప్రతి వరుసా చదివి, లాగౌట్ చేయించాకే లేవండి.