సూరత్‌లో చీరల కొనుగోలు

తెలుగు పట్టణాల చిన్న బట్టల కొట్లలో అమ్ముడయ్యే సింథటిక్ చీరల్లో ఎక్కువ భాగం గుజరాత్‌లోని సూరత్ నుంచే వస్తాయి. తాపీ నది ఒడ్డునున్న ఈ నగరంలో మరమగ్గాలు, అద్దకం మిల్లులు, ఎంబ్రాయిడరీ యూనిట్లు, టోకు మార్కెట్లు దగ్గరదగ్గరగా ఉండడం వల్ల ధర తక్కువ. విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా చేరుకోవచ్చు.

టోకు కొట్లు ఎక్కువగా రింగ్ రోడ్డు వెంట బహుళ అంతస్తుల భవనాల్లో ఉన్నాయి. కొత్త వ్యాపారులు సాధారణంగా కమీషన్ ఏజెంటు ద్వారా కొంటారు. ఏజెంటు కొట్లు చూపించి, బాకీకి పూచీ ఉంటాడు. అతని కమీషన్ మామూలుగా అమ్మినవారే ఇస్తారు. చీరలు విడిగా దొరకవు. ఒకే డిజైన్‌లో పలు రంగులున్న సెట్టు మొత్తం తీసుకోవాలి. అందుకే అమ్ముడుపోని రంగుల భారం కొనుగోలుదారుపై పడుతుంది. రొక్కం ఇస్తే ధర తగ్గుతుంది, అరువుకైతే పెరుగుతుంది.

కొనేముందు చీర పొడవు, జాకెట్టు ముక్క, రంగు నిలకడ పరీక్షించాలి. బట్టపై 5 శాతం జీఎస్టీ ఉంటుంది. సరుకు విలువ 50 వేల రూపాయలు దాటితే ఈ-వే బిల్లు తప్పనిసరి. బేళ్లు లారీ ట్రాన్స్‌పోర్టులో వస్తాయి. రసీదు చూపించి విడిపించుకోవాలి. దీపావళికి సూరత్ మార్కెట్లు కొన్నాళ్లు మూతపడతాయి గనుక సరుకును ముందుగానే కొనడం వ్యాపారుల ఆనవాయితీ.