సెలీనైటు, సెలీనేటు: పేర్ల పుట్టుక

రసాయన శాస్త్రమున పేరు పెట్టుట వేడుకకొఱకు కాదు. పేరు వినినంతనే ఆ పదార్థమున ఏ మూలకములు కలవో, అవి ఎట్లు కూడినవో తెలియవలెను. సెలీనియము అను మూలకపు లవణములకు సెలీనైడు, సెలీనైటు, సెలీనేటు అని మూడు పేర్లు కలవు. చెవికి ఇవి ఒక్కటిగానే తోచును గాని, భేదమంతయు తుది అక్షరములలోనే ఉన్నది.

మొదట మూలకము మాట. స్వీడను దేశమున గ్రిప్స్‌హోం అను చోట ఒక గంధకికామ్లపు కర్మాగారము ఉండెను. ఫాలూన్ గనుల ఖనిజమును కాల్చి అచట ఆమ్లము తీయునపుడు అడుగున ఎఱ్ఱని మడ్డి పేరుకొనుచుండెను. 1817లో బెర్జీలియస్, గాన్ అను రసాయనజ్ఞులు దానిని పరీక్షించిరి. కాల్చినపుడు ముల్లంగివంటి ఘాటైన వాసన వచ్చుటచే అది టెల్లూరియమని తొలుత తలంచిరి. బెర్జీలియస్ మరల శోధించి, అది క్రొత్త మూలకమని తేల్చెను. టెల్లూరియమునకు 1798లో క్లాప్రోత్ అను జర్మను పండితుడు భూమి అని అర్థమిచ్చు లాటిను పదమునుండి పేరు పెట్టియుండెను. భూమికి తోడు చంద్రుడు గదా! కావున బెర్జీలియస్ గ్రీకు భాషలో చంద్రుని పేరైన 'సెలీనీ' నుండి సెలీనియము అను నామమును కల్పించెను.

ఇక తుది అక్షరములు. 1787లో ఫ్రాన్సు దేశమున లెవోయిజియే, గైటన్ ద మోర్వో, బెర్తొలే, ఫూర్‌క్రువా అను నలుగురు పండితులు పదార్థములకు పేర్లు పెట్టు పద్ధతిని ఏర్పఱచిరి. ప్రాణవాయువు పాలు హెచ్చుగా నున్న ఆమ్లమునుండి పుట్టిన లవణమునకు 'ఏటు', తక్కువగా నున్న ఆమ్లమునుండి పుట్టినదానికి 'ఐటు' అని వారి నియమము. మనమెఱిగిన మయిలుతుత్తము రాగి సల్ఫేటు. అనగా గంధకికామ్లపు లవణము. సెలీనియము గుణములలో గంధకమునకు దగ్గఱి చుట్టము గనుక దాని లవణములకును ఇదే సూత్రము వర్తించినది. ఒక సెలీనియము పరమాణువుతో మూడు ప్రాణవాయు పరమాణువులు కూడిన సెలీనైటు. నాలుగు కూడిన సెలీనేటు. ప్రాణవాయువు లేక లోహముతోనే కూడిన సెలీనైడు.

ఇచట ఒక చిక్కు కలదు. సెలీనైటు అను పేర ఒక ఖనిజమును ఉన్నది. అది స్ఫటికరూపమున నున్న జిప్సము. అందు ఉండునది గంధకమే గాని సెలీనియము కాదు. దాని వెన్నెలవంటి కాంతిని చూచి గ్రీకులు చంద్రశిల యను అర్థమున పెట్టిన పేరది. మూలకముకంటె ఎంతో ప్రాచీనము. మెక్సికోలోని నైకా గనిలో 11 మీటర్ల పొడవైన సెలీనైటు స్ఫటికములు కలవు. వాటిని చేతితో తాకిన దోషము లేదు. కాని సోడియము సెలీనైటు విషము. పేరొక్కటే యని రెంటిని ఒకటిగా నెంచరాదు.

అట్లని సెలీనియము కేవలము విషము కాదు. అది లేశమాత్రముగ జీవులకు అవసరమని 1957లో ష్వార్ట్స్, ఫోల్ట్స్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై నిరూపించిరి. చీనాలో సెలీనియము కొఱవడిన నేలలుగల ప్రాంతములందు కేషాన్ అను హృద్రోగము ప్రబలియుండగా, 1970వ దశకమున పిల్లలకు సోడియము సెలీనైటు మాత్రలిచ్చి దానిని చాలవఱకు అరికట్టిరి. మన పంజాబులోని హోషియార్‌పూర్ ప్రాంతమున దీనికి విపర్యయము: కొన్ని నేలలలో సెలీనియము మితిమీరుటచే, అచటి మేత తిన్న పశువుల గిట్టలు చెడి వెండ్రుకలు రాలును. పెద్దవారికి దినమునకు 55 మైక్రోగ్రాములు చాలునని, 400 దాటరాదని అమెరికా నిపుణులు 2000లో నిర్ణయించిరి. ఒక గ్రాములో పది లక్షల మైక్రోగ్రాములుండునని తలంచిన, హద్దు ఎంత సన్ననిదో తెలియగలదు.

ఒక్క పరమాణువు భేదము సేద్యమునందును లెక్కకు వచ్చును. సెలీనైటు మట్టిని అంటిపట్టుకొని కదలదు. సెలీనేటు నీటిలో సులభముగ సాగి, సల్ఫేటు పోవు దారినే వేళ్లలోనికి చేరును. అందుచేతనే ఫిన్లండు దేశము 1984లో ఎరువులయందు సెలీనియము కలుపుటకు నిశ్చయించినపుడు సోడియము సెలీనేటునే ఎన్నుకొన్నది. సీసాపై పేరును తుది అక్షరమువఱకు చదువవలెనని రసాయనజ్ఞులు పట్టుపట్టుట ఇందుకే.