తెలిసిన మాటే కదా అనుకోవద్దు

ఇంట్లో ఎవరికో నాలుగు రోజులైనా జ్వరం తగ్గదు. డాక్టరుగారు రక్తపరీక్ష రాస్తారు. సాయంత్రానికి రిపోర్టు వస్తుంది. అంతా ఇంగ్లీషే. ఇంట్లో ఆ భాష వచ్చినవాడు తొమ్మిదో తరగతి పిల్లవాడొక్కడే. వాడు కాగితం చూసి, "అమ్మీ, నెగెటివ్ అని ఉంది" అంటాడు. నెగెటివ్ అంటే చెడ్డదని వాడు బడిలో విన్నాడు. ఇక ఆ ఇంట్లో అన్నం ఎవరికి సహిస్తుంది? నిజానికి ఆ కాగితం శుభవార్తే తెచ్చింది. వెతికిన జబ్బు ఆ పరీక్షలో కనిపించలేదని దాని భావం.

పిల్లవాడికి ఆ మాట వచ్చు. కాని ఒక్క చోటే వచ్చు. అదే మాట రక్తం గ్రూపు పక్కన ఉంటే దానికి జబ్బుతో సంబంధమే లేదు. లెక్కల పుస్తకంలో ఉంటే సున్నా కంటే తక్కువ సంఖ్య. ఒకప్పటి ఫొటో స్టూడియోలో అయితే ఫిల్ము ముక్క. 'శాంక్షన్' అనే మాట చూడండి. లోను శాంక్షన్ అయిందంటే ఇంట్లో మిఠాయి పంచుతాం. 1990 ఆగస్టులో కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్‌పై ఐక్యరాజ్యసమితి విధించినవీ శాంక్షన్లే. ఒకచోట అది అనుమతి, మరొకచోట ఆంక్ష. ఆ మాట ఏ వాక్యంలో కూర్చుందో చూడనిదే దాని అర్థం ఏదో చెప్పలేం.

అందుకే ఇంగ్లీషు మాటలు నేర్చుకునే పిల్లలకు మేము మొదట చెప్పేది, చదవండి అనే. పక్కన తెలుగు అర్థం రాసి ఉన్న జాబితాను వల్లె వేస్తే పరీక్షలో మార్కులు రావచ్చు. మాట మాత్రం సొంతం కాదు. పుస్తకంలో ఒక మాట పదిచోట్ల పది రకాలుగా ఎదురైతేనే దాని స్వభావం తెలుస్తుంది. మనుషులతో పరిచయం కూడా అంతే కదా! పేరు తెలిసినంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదు.

చదివేందుకు పెద్ద పుస్తకాలతో మొదలుపెట్టనక్కరలేదు. ఒక పేజీలో తెలియని మాటలు ఐదు దాటితే ఆ పుస్తకాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టి, తేలికైనది తీసుకోవాలి. పదో తరగతి పిల్లవాడు చిన్నపిల్లల కథలు చదివితే చిన్నతనమేమీ లేదు. కొత్త మాట కనబడగానే నిఘంటువు కోసం పరుగెత్తవద్దు. వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఇదై ఉంటుందని ఒక అర్థం ఊహించాలి. ఆ తర్వాత నిఘంటువు తెరిచి ఊహ సరైందో కాదో చూసుకోవాలి. మాటను ఒంటరిగా కాక, అది వచ్చిన వాక్యంతో సహా నోటుబుక్కులో రాసుకోవాలి.

హిఫ్జ్ చేసే పిల్లలున్న ఇళ్ళకు ఒక పద్ధతి బాగా తెలుసు. ఈ రోజు కొత్త పాఠం సబఖ్, ఈ మధ్య చదివింది సబ్ఖీ, పాత పాఠాలన్నీ మంజిల్. కొత్తది ఎంత చక్కగా వచ్చినా పాతది అప్పజెప్పకపోతే ఉస్తాద్ ఊరుకోరు. ఇంగ్లీషు మాటలకూ ఇదే వర్తిస్తుంది. ఈ రోజు మూడు మాటలు, నిన్నటివి మూడు, పోయిన వారంవి కొన్ని. రోజుకు మూడంటే ఏడాదికి వెయ్యి దాటుతాయి. కాని తిరగేయని మాటలు చిల్లుకుండలో నీళ్ళే.

అరబీ చదివినవారికి మరో సదుపాయం ఉంది. క, త, బ అనే మూడక్షరాల నుంచి కితాబ్, కాతిబ్, మక్తబ్, మక్తూబ్ పుట్టాయని మదరసా పిల్లలకు తెలుసు. ఇంగ్లీషులోనూ ఇలాంటి కుటుంబాలున్నాయి. 'పోర్ట్' అంటే లాటిన్‌లో మోయడమనే అర్థమున్న మూలం. పోర్టర్, ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు, ట్రాన్స్‌పోర్టు అన్నీ దాని సంతానమే. ఇంత తెలిశాక మాటలన్నీ మన గుప్పిట్లోకి వచ్చాయనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త పడాలి. ఓడరేవును కూడా పోర్ట్ అనే అంటారు. అది వేరొక లాటిన్ మాట నుంచి వచ్చింది. రూపం ఒకటే, ఇల్లు వేరు.

మాటలనే నమ్ముకుని బతికిన పండితులను చూస్తే వినయం ఎందుకో అర్థమవుతుంది. శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రచురించిన ఇంగ్లీషు నిఘంటువు ఎంతో ప్రఖ్యాతి గాంచింది. అందులో 'పాస్టర్న్' అనే మాటకు గుర్రం మోకాలు అని అర్థం రాశారు. నిజానికి అది గిట్టకు కాస్త పైనుండే భాగం. అలా ఎందుకు రాశారని ఒక మహిళ అడిగితే, ఆయన అచ్చుతప్పనీ గుమాస్తా తప్పనీ తప్పించుకోలేదు. తెలియక రాశానని సూటిగా ఒప్పుకున్నారు.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కథ ఇంకా గొప్పది. 1879లో ఆ బాధ్యత చేపట్టిన జేమ్స్ మర్రే పద్నాలుగేళ్ళ ప్రాయంలోనే బడి మానేసిన వ్యక్తి. ఆపై ఎన్నో భాషలను స్వయంకృషితో నేర్చారు. వందలాది స్వచ్ఛంద పాఠకులు పుస్తకాలు చదివి, మాట ఉన్న వాక్యాన్ని చీటీపై రాసి పంపేవారు. మనం పిల్లలకు చెప్పే నోటుబుక్కు పద్ధతే అది! పదేళ్ళలో ముగుస్తుందనుకున్న పనిలో ఐదేళ్ళకు, 1884లో, తొలి భాగం వెలువడింది. అప్పటికి 'ఏ' అక్షరంలో 'యాంట్' అనే మాట దాకా వచ్చారు. మర్రే 1915లో మరణించారు. పని 1928లో పూర్తయింది. అంతమంది శ్రమించినా 'బాండ్‌మెయిడ్' అనే మాట చీటీలు ఎక్కడో తప్పిపోయి, 1933 అనుబంధంలో గాని దానికి చోటు దొరకలేదు. ఒక జీవితకాలానికి ఒక భాష లొంగలేదు. రెండు పేజీలు చదివిన మనకు గర్వమెందుకు?

మన ఉలమా సంప్రదాయం కూడా ఇదే నేర్పుతుంది. మదీనా ఇమామ్ మాలిక్ (రహ్మ) వద్దకు ఎంతో దూరం నుంచి ప్రశ్నలు మోసుకొచ్చేవారు. వాటిలో చాలావాటికి ఆయన 'నాకు తెలియదు' అనే జవాబిచ్చి పంపేవారని ఆయన చరిత్ర రాసినవారు పేర్కొన్నారు. దానివల్ల ఆయన గౌరవం వీసమెత్తు కూడా తగ్గలేదు. ఇక పరాయి భాష నేర్వడం మనకు తగదనుకునేవారు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను తలచుకోవాలి. దైవప్రవక్త (సఅసం) ఆదేశంపై ఆయన యూదుల లిపిని కొద్ది రోజుల్లోనే నేర్చి, ఉత్తరప్రత్యుత్తరాలు చూసేవారు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. నాలుగు ఇంగ్లీషు మాటలు రాగానే కొందరు పిల్లలు అబ్బాజాన్ ఉచ్చారణకు నవ్వుతున్నారు. అమ్మీని బడి మీటింగుకు రావద్దంటున్నారు. ఇది బాధాకరం. ఆ ఫీజు కట్టింది ఆ తండ్రి చెమటే. పైగా పిల్లలు గొప్పగా పలికే ఆల్జీబ్రా, కాటన్, మ్యాగజైన్ వంటి మాటలకు మూలం అరబీయే. పైజామా మన ఉర్దూ ఇళ్ళలోంచి ఇంగ్లీషుకు వెళ్ళింది. బ్యాండికూట్ అనే మాటైతే మన తెలుగు పందికొక్కే! మరోవైపు జిల్లా, రైతు, వకీలు, జవాబు అరబీలో పుట్టి, ఉర్దూ ఫార్సీల మీదుగా తెలుగులో స్థిరపడ్డాయి. ఏ భాషా మరో భాష ముందు చెయ్యి చాచకుండా బతకలేదు. అలాంటప్పుడు ఒక భాష వచ్చినవాడు మరో భాషవాడిని తక్కువగా చూడటంలో అర్థముందా?

పెద్దలకూ ఒక మాట. పిల్లవాడు ఏదైనా మాటకు 'తెలియదు' అంటే, 'ఇంత ఫీజు కట్టి చదివిస్తే ఇదేనా' అని గద్దించకండి. గద్దింపుకు జడిసిన పిల్లవాడు రేపటి నుంచి నోటికొచ్చిన అర్థం చెబుతాడు. ఆ అర్థాన్ని నమ్మి మీరు ఏ మందు మింగుతారో, ఏ కాగితం మీద సంతకం పెడతారో! 'చూసి చెబుతాను' అనడం వాడికి అలవాటు చేయండి. నిఘంటువు తెరిచినప్పుడు మీరూ పక్కన కూర్చోండి. వాడు ఇంగ్లీషు మాట చదివితే మీరు దానికి ఉర్దూలో, తెలుగులో ఏమంటారో చెప్పండి. ఆ నోటుబుక్కులో రోజుకు మూడు మాటలు చేరతాయి. ఇంట్లో ఇద్దరు విద్యార్థులు తయారవుతారు.