పసివారి గుండీ పరీక్ష

ఏడేండ్ల బిడ్డ తన చొక్కా గుండీని తానే కుట్టుకొనుట, రెండు త్రాళ్ల కొనలను కలిపి జాఱని ముడి వేయుట, ఒక విత్తనమును పాతి అది మొలచువఱకు దినదినమును నీరు పోయుట, వీనిని ఘనకార్యములని యెవ్వరును పత్రికలలో వ్రాయరు. వీనిని గూర్చి శాసనసభలలో ప్రశ్నలు వేయరు. ఐనను స్కౌటు ఉద్యమమున కబ్బులు, బుల్‌బుల్‌లు అను పేర్లతో నున్న పసివారి శాఖ యంతయు నిట్టి చిన్నపనులమీదనే నిలిచియున్నది. ఈ చిన్నపనులకు గల విలువను గూర్చియు, ఆ విలువ పెద్దల చేతులలోనే చెడిపోవుచున్న విధమును గూర్చియు నాలుగుమాటలు వ్రాయదలచితిమి.

ఈ శాఖ పుట్టుక వినోదకరమైన కథ. 1907వ సంవత్సరమున బేడెన్ పవెల్ అను ఆంగ్లసేనాని బ్రౌన్‌సీ దీవిలో సుమారు ఇరువదిమంది బాలురతో నొక శిబిరము నడపెను. మఱుసటి యేట ఆయన గ్రంథము వెలువడినది. కొంచెము పెరిగిన బాలురకై యుద్దేశింపబడిన యీ యాటలోనికి వారి తమ్ములును జొరబడ మొదలిడిరి. అన్న టోపీ పెట్టి కఱ్ఱ పట్టి బయలుదేరినచో తమ్ముడు ఇంటిలో గూర్చుండునా? పెద్దవారి నడకలు, శిబిరములు పసివారి శక్తికి మించినవి, పొమ్మందమన్న ఏడ్పు. ఈ చిక్కునుండి పుట్టినదే చిన్నవారి శాఖ. 1914లో ప్రయత్నము మొదలై, 1916లో దానికి ప్రత్యేకగ్రంథ మేర్పడినది. ఆ గ్రంథరచనలో వీరా బార్‌క్లే యను యువతి ఆయనకు తోడ్పడినది. అది యుద్ధకాలము. మగవారనేకులు రణరంగమున నుండుటచే పసివారి దళములను నడపు భారము చాలచోట్ల స్త్రీలపై బడినది. చిన్నబాలికల శాఖకు 1914లో ‘గులాబిమొగ్గలు’ అని పేరు పెట్టగా ఆ పేరు బాలికలకే నచ్చలేదు. మఱుసటి యేట దానిని మార్చి బ్రౌనీలనిరి. పసివారి యభిప్రాయమును పెద్దలు మన్నించిన సందర్భములు అరుదు గనుక దీనిని ప్రత్యేకముగ జెప్పితిమి.

పసివారికి కథ కావలయును. ఆ కథను బేడెన్ పవెల్ కిప్లింగు వ్రాసిన ‘జంగిల్ బుక్’ నుండి తెచ్చుకొనెను. 1894లో వెలువడిన ఆ గ్రంథము అమెరికాలోని వెర్మాంటులో వ్రాయబడినది. కథ జరిగినచోటు మాత్రము నేటి మధ్యప్రదేశమందలి సియోనీ కొండలు. తోడేళ్లు పెంచిన బాలుడు, వానికి అడవినీతి నేర్పిన యెలుగుబంటి, వేట నేర్పిన నల్లచిఱుత, ఇవియే యా పసివారి దళమునకు పురాణములైనవి. దళనాయకునకు ‘అకేలా’ అని పేరు. అకేలా యన హిందూస్థానీలో నొంటరివాడు. బాలూ యన ఎలుగుబంటి. ఇంగ్లండులోని పిల్లలు అర్థమెఱుగకయే యీ మాటలను పలుకుచుండిరి. అర్థమెఱిగిన పిల్లల గతి యేమి? మన దేశమున 1909లో బెంగుళూరులో ప్రథమస్కౌటుదళ మేర్పడినపుడు అది తెల్లవారి బిడ్డలకును ఆంగ్లో ఇండియను బిడ్డలకును మాత్రమే. మన యడవి, మన మాట, మన చిఱుత. మన బిడ్డకు మాత్రము లోనికి రావీలులేదు.

ఆ తలుపు తెఱచినది ప్రభుత్వము కాదు. 1915లో మదనపల్లెలో కళాశాల నెలకొల్పిన అనిబిసెంటమ్మయే చెన్నపట్టణమున భారతీయబాలురకు వేఱుగ స్కౌటుసంఘమును స్థాపించినది. ఇంచుమించుగ నదే కాలమున అలహాబాదులో పండిత మదనమోహన మాలవీయుని యాశ్రయమున సేవాసమితి స్కౌటుసంఘము వెలసినది. హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ వాజపేయి దానికి చేతులు కాళ్లునై పనిచేసిరి. పరప్రభుత్వపు రోజులలో ఈశ్వరునితోపాటు చక్రవర్తికిని విధేయత చెప్పవలసిన ప్రతిజ్ఞ యెందఱకో గొంతు దిగలేదు. స్వరాజ్యము వచ్చినపిదప, 1950 నవంబరు 7వ తేదీన, వేర్వేఱుగనున్న సంఘములు కలిసి భారత స్కౌట్స్ అండ్ గైడ్స్ అను నేకసంస్థయైనవి; 1951 ఆగస్టు 15న బాలికల సంఘమును దానిలో చేరినది. నేడు మన బిడ్డ చేయు ప్రతిజ్ఞ దేశమునకే.

ఇక నీ పసివారి శాఖ నడచు తీరు. అయిదాఱేండ్లు మొదలు పదేండ్లవఱకు బాలురు కబ్బులు, బాలికలు బుల్‌బుల్‌లు. ఆఱుగురొక జట్టు, ఆ యాఱుగురిలో నొకడు జట్టునాయకుడు. అట్టి జట్లు నాలుగు చేరినచో, అనగా ఇరువదినలుగురితో, దళము నిండినట్లే. బుల్‌బుల్ యన మన పిగిలిపిట్ట. కంపమీద గూర్చుండి తల యెగురవేయు నా పిట్టను ఎఱుగని పల్లెబిడ్డ యుండదు; ఆ పేరే పెట్టియుండిన నెంత బాగుండెడిది! మెట్ల పేర్లును హిందీవే. ప్రవేశము ముగిసిన కబ్బు ప్రథమచరణము మొదలు చతుర్థచరణమువఱకు నాలుగడుగులు వేయును. బుల్‌బుల్ కోమలపంఖము, రజతపంఖము, స్వర్ణపంఖము, హీరకపంఖము అని నాలుగు ఱెక్కలు తొడుగును. ‘వెండిఱెక్క’ యన్నచో మన పసిపిల్ల కన్నులు మెఱయును. ‘రజతపంఖ్’ అన్నచో గురువు మొగము చూచును. అన్నిటికిని పైన నున్నది బంగారుబాణము, గోల్డెన్ ఆరో యని ప్రసిద్ధి.

వారి ధర్మసూత్రములు రెండే. పెద్దలను గౌరవించుట యొకటి, శుభ్రముగను మర్యాదగను నుండుట రెండవది. వారి నినాదమో మఱియు చిన్నది: ‘కోశిశ్ కరో’, శక్తికొలది యత్నింపుము. ఈ శాఖకు ప్రాణమంతయు నీ రెండుమాటలలో నున్నదని మా యభిప్రాయము. బడిలో పరీక్షకు కొలత బయట నుండును. నూటికి ముప్పదియైదు రాకున్న తప్పినట్లే. ఇచట కొలత బిడ్డలోనే యున్నది. నిన్న మూడడుగులు గెంతినవాడు నేడు నాలుగు గెంతెనా, యనియే చూడవలయును గాని, ప్రక్కవాడు పది గెంతెనని వీనిని తక్కువ చేయరాదు. బాలుడు సాధించినదాని నాణ్యమునకంటె వాడు పడిన శ్రమనే చూచి బిరుదు లీయవలెనని బేడెన్ పవెల్ నాయకులకు స్పష్టముగ జెప్పినాడు. ఆయన సైనికుడు, ఆయన సామ్రాజ్యభక్తితో మనకు పొత్తు లేదు. కాని మందబుద్ధియైన బిడ్డను, కుంటుచు నడచు బిడ్డను గెలిపించుటకు వీలైన పరీక్షను కల్పించినందులకు ఆయనకు నమస్కరింపవచ్చును.

ఆ పాతగ్రంథమున నక్షత్రములకై పెట్టిన పరీక్షలను చూడుడు. బంతిని కుడిచేత విసరుట, పిదప నెడమచేత విసరుట. తనంత యెత్తుగల బాలునిపైనుండి కప్పగంతు వేయుట. ఒంటికాలితో ఎనిమిది అంకెవలె గెంతుచు తిరుగుట. మన తొక్కుడుబిళ్ల యాడు పిల్లలకిది యన్నముతో పెట్టిన విద్య. గడియారము చూచి వేళ చెప్పుట. గోళ్లు కత్తిరించుకొనుట, ముక్కుతో నూపిరి పీల్చుట, పండ్లు తోముట. ఒకరు చెప్పిన వార్తను మఱియొకరికి మార్చకుండ చేర్చుట. ఇది తేలికయని తలచువారు ఏ కార్యాలయమునకైనను పోయి, పెద్దలు వార్త చేర్చు తీరును గమనింతురుగాక. ఎడమచేత బంతి విసరు పరీక్షను గూర్చి యొకమాట. ఎడమచేయి వాటముగల బిడ్డను మన యిండ్లలో చేతిమీద కొట్టి మాన్పింతురు. ఇచట ఆ బిడ్డ సగము పరీక్షలో అందఱికంటె ముందుండును.

ముడుల సంగతి. రెండు త్రాళ్లకొనలను కలుపు రీఫ్ నాట్ అనునది పసివారు మొదట నేర్చు ముడి. కుడికొనను ఎడమకొనపై వేసి ఒకసారి, ఎడమకొనను కుడికొనపై వేసి మఱియొకసారి. రెండుమార్లును ఒక్కవైపే వేసినచో ముడి యడ్డముగ దిరిగి జాఱిపోవును. సరిగా వేసినచో బల్లపరుపుగ నుండి, గాయపుకట్టు మీద ఒత్తుకొనదు. కావలసినపుడు సులువుగ విప్పవచ్చును. ఏడేండ్ల వ్రేళ్లకు నిది వారముదినముల పని. ఒకనా డది కుదిరినపుడు ఆ బిడ్డ మొగమున దోచు వెలుగును కన్నవా రెవ్వరును బిరుదు చిన్నదని యనజాలరు.

జ్ఞాపకశక్తి కొఱకొక యాట కలదు. పళ్లెరములో తాళపుచెవి, గవ్వ, బొంగరము, సూది, గింజ, ఇట్టి వస్తువు లిరువదికి పైబడి పెట్టి, ఒక్క నిమిషము చూపి గుడ్డ కప్పుదురు. పిదప నేమేమి యున్నవో చెప్పవలయును. ఇదియు కిప్లింగు నవలయగు ‘కిమ్’ నుండి వచ్చినదే. ఆ నవలలో నీ విద్యను సిమ్లాలోని రత్నవర్తకుడొకడు నేర్పును. మాకుమాత్రము అవధానసభలు తలపునకు వచ్చును. పద్యములల్లుచు, ప్రశ్నలకుత్తరములు చెప్పుచు, నడుమ మ్రోగిన గంటలెన్నియో వీపున బడిన పువ్వులెన్నియో లెక్కించి చెప్పు అవధానులను గన్న జాతి మనది. అంతమాత్రమున ప్రతివిద్యయు మనయింటనే పుట్టినదని చెప్పుట మా యుద్దేశము కాదు. ఆ గంటలు లెక్కించు చెవిని మన బడులలో నెన్నడును పసివారికి నేర్పలేదనియే మా విచారము.

ఇట్టి శాఖ మన బడులలో నెట్లు నడచుచున్నది? కొన్నిచోట్ల శ్రద్ధగల ఉపాధ్యాయినులు సాయంకాలపు వేళను దీనికై ధారపోయుచున్నారు. వారి దళములను చూచితిమి, సంతసించితిమి. చాలచోట్ల మాత్రము కబ్బు యనగా మెడరుమాలుతో నెండలో నిలువబడు బిడ్డ. మంత్రి వచ్చినచో నిలువవలయును. జెండా పండుగకు నిలువవలయును. ఒక్క గురువునకు నూఱుమంది. గోళ్లు చూచువారెవరు, ముడులు చూచువారెవరు? ఒకనాటి యుదయమున గుంపుగ నిలిపి గుంపుగ బిరుదు లిచ్చుటయు గలదు. పెద్దశాఖలో రాష్ట్రపతి పురస్కార మందినవారికి రైల్వే కొలువులలో ప్రత్యేకస్థానములు గలవు. అది తప్పని యనము. కాని ఆ యాశనీడ క్రిందికి దిగి, ఎనిమిదేండ్ల బిడ్డ తలిదండ్రులు సైతము ‘ఈ పత్రము ముందు ముందు పనికివచ్చునా?’ యని యడుగుచున్నారు.

మాలో నొకరు కొన్నియేండ్లక్రింద నొక పట్టణపు పాఠశాలలో కబ్బుల పరీక్షను చూచుట తటస్థించినది. ఆనాటి పరీక్ష గుండీ కుట్టుట. బిడ్డలు ఇంటినుండి కుట్టి తెచ్చిన చొక్కాలను వరుసగ చూపిరి. అన్నియు నొక్కతీరున, తల్లులో దర్జీలో కుట్టిన చక్కని కుట్టు. ఒక్క బాలుని చొక్కామీద మాత్రము తెల్లగుడ్డపై ఎఱ్ఱదారము. గుండీ కొంచెము ప్రక్కకు బోయినది. గుడ్డ ముడుతలు పడినది. దారపు ముడి ఉసిరికకాయయంత యున్నది. ఆ బాలుడు వ్రేలిమీది సూదిపోటును కూడ చూపెను. గురువు చూచి, “ఇదేం కుట్టురా? ఇంటికి పోయి మీ అమ్మచేత సరిగా కుట్టించుకొని రా,” అనెను. ఆ గురువు చెడ్డవాడు కాడు. మఱునాడు పైయధికారి రానున్నాడు. వరుస బాగుండవలయునని యాయన తాపత్రయము.

ఈ జాడ్యము మనకే పరిమితము కాదు. అమెరికాలో కబ్బులు దేవదారుకొయ్య ముక్కను చెక్కి చిన్నబండి చేసి, వాలుబల్లమీద పందెము విడుతురు. 1953లో కాలిఫోర్నియాలో మొదలైన యీ పందెమున తండ్రియు బిడ్డయు కలిసి పనిచేయవలెనని యుద్దేశము. తండ్రులే రాత్రులు మేల్కొని చెక్కి, నునుపుచేసి, బరువులు తూచి, బిడ్డచేత రంగు మాత్రము వేయింతురని యచట పాతహాస్యము. అచట కాపురమున్న మన తెలుగువారి బిడ్డలును ఈ పందెములలో పాల్గొనుచున్నారు. ఇంజనీర్లయిన తండ్రులు మిక్కుటముగనున్న యిండ్లలో బిడ్డ కెంత కొయ్య మిగులునో యూహింపవచ్చును.

మేము కోరునవి పెద్దకోరికలు కావు. దళమున కిరువదినలుగురను నియమమును పాటింపవలయును. దళము నడపు ఉపాధ్యాయినికి వారమున కొక్కగంటయైనను వేఱుపని లేకుండ విడువవలయును. పూర్తియుడుపు కొనలేని పేదబిడ్డను మెడరుమాలొక్కదానితోనే చేర్చుకొనవలయును; ఉడుపు లేదని వెలుపల నిలిపినచో 1909 నాటి తలుపును మరల మూసినవారమగుదుము. పరీక్ష ఏదైనను గురువు కన్నులయెదుట, బిడ్డ చేతులతోనే జరుగవలయును. ఇంటినుండి కుట్టి తెచ్చిన గుండీ, కొనితెచ్చిన మొక్క, అన్న వ్రాసిన దినచర్య చెల్లరాదు. మెట్ల పేర్లను తెలుగున చెప్పుట కెవరి యనుమతియు నక్కఱలేదు.

పైని చెప్పిన బాలుని మఱునాడును మా మిత్రుడు చూచెను. ఎఱ్ఱదారము లేదు. దాని చోట తెల్లదారముతో గుండీ చక్కగ గుదిరి యున్నది. పైయధికారి వరుసవెంట నడచిపోయెను. గురువు పుస్తకమున ఆ బాలుని పేరెదుట ఉత్తీర్ణుడని వ్రాసెను.