రెయిడ్: ఇంటి కంప్యూటరులో డిస్కుల కూటమి

విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల కంప్యూటర్లలో ఇరవై ఏళ్ళ ఫోటోలు, పిల్లల బారసాల వీడియోలు, ఊళ్ళోని తాతగారి గొంతు రికార్డు చేసిన ఫైళ్ళు పోగుపడి ఉంటాయి. చాలావాటికి రెండో ప్రతి ఉండదు. హార్డ్ డిస్కు గిర్రున తిరిగే యంత్రం కనుక ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోక తప్పదు. ఒక డిస్కు చెడినా సమాచారం దక్కేలా కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటును రెయిడ్ అంటారు.

1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ పాటర్‌సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ రాసిన పత్రంతో ఈ పేరు స్థిరపడింది. ఖరీదైన పెద్ద డిస్కు ఒకదాని బదులు చవకైన చిన్న డిస్కులు అనేకం వాడవచ్చన్నది వారి ప్రతిపాదన. అయితే డిస్కుల సంఖ్య పెరిగినకొద్దీ వాటిలో ఏదో ఒకటి చెడే అవకాశమూ పెరుగుతుంది. అందుకు విరుగుడుగా కొంత అదనపు సమాచారాన్ని దాచిపెట్టాలి.

ఆ దాచే పద్ధతులలో సులువైనది రెయిడ్ 1: రెండు డిస్కులలోనూ ఒకే సమాచారం రాయడం. రెయిడ్ 5 సరి-బేసి లెక్క మీద నడుస్తుంది. మూడు డిస్కులున్నాయనుకుందాం. మొదటిదానిలో 1, రెండోదానిలో 0 ఉంటే, మూడింటిలోని ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా మూడోదానిలో 1 రాస్తారు. ఏ డిస్కు పోయినా, మిగిలిన రెండింటినీ చూసి పోయిన అంకెను రాబట్టవచ్చు.

ఈ లెక్క ఎవరు చెయ్యాలి? హార్డ్‌వేర్ పద్ధతిలో, సొంత ప్రాసెసరూ జ్ఞాపకశక్తీ ఉన్న ప్రత్యేకమైన కార్డు చేస్తుంది. సాఫ్ట్‌వేర్ పద్ధతిలో ఆపరేటింగ్ సిస్టమే చేస్తుంది. ప్రాసెసర్లు నెమ్మదిగా ఉన్న రోజుల్లో కార్డు అవసరమే. నేటి ప్రాసెసర్లకు ఈ లెక్క లెక్కలోనిది కాదు. పని ఆలస్యమయ్యేది డిస్కుల దగ్గరే. కనుక ఇంటి కంప్యూటరులో వేగం కోసం కార్డు కొనడంలో అర్థం లేదు.

కార్డుకు మిగిలిన బలం బ్యాటరీ. సమాచారం రాశాక, దానికి తగిన సరి-బేసి అంకె రాయకముందే కరెంటు పోతే రెండింటికీ పొంతన ఉండదు. మంచి కార్డులు రాయవలసినదాన్ని బ్యాటరీ సాయంతో కాపాడుకుంటాయి. జెడ్.ఎఫ్.ఎస్. అనే సాఫ్ట్‌వేర్ దీన్ని వేరే దారిలో సాధించింది: పాతదాని మీద కొత్తది రాయదు; కొత్తచోట పూర్తిగా రాశాకే పాతదాన్ని వదులుతుంది.

అసలు పరీక్ష కార్డే చెడిపోయిన రోజున ఎదురవుతుంది. డిస్కులు నిక్షేపంగా ఉన్నా, వాటిమీది అమరిక ఆ తయారీదారు పద్ధతిలో ఉంటుంది. సాధారణంగా అదే జాతి కార్డు మరొకటి కావాలి. పదేళ్ళ తరువాత అది దొరక్కపోవచ్చు. లినక్స్ సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కూటమినైతే మరో లినక్స్ కంప్యూటరుకు తగిలించినా, డిస్కులపై ఉన్న గుర్తులను బట్టి అది పోల్చుకుంటుంది. మదర్‌బోర్డుతో ఉచితంగా వచ్చే రెయిడ్ చాలావరకు పేరుకే హార్డ్‌వేర్: లెక్క చేసేది ప్రధాన ప్రాసెసరే, అమరిక మాత్రం తయారీదారుది. రెండు పద్ధతుల లోపాలూ దానిలో ఉన్నాయి.

సాఫ్ట్‌వేరును ఎంచుకున్నా జాగ్రత్తలు తప్పవు. 8 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున నింపినా, పూర్తిగా తిరిగి రాయడానికి 11 గంటలు పడుతుంది. రెయిడ్ 5లో అంతసేపూ రక్షణ ఉండదు. అదే వయసున్న మిగతా డిస్కులపై భారం మాత్రం పెరుగుతుంది. ఇంటి అవసరాలకు చాలాసార్లు రెండు డిస్కుల రెయిడ్ 1 చాలు.

రెండు మూత్రపిండాలలో ఒకటి పనిచేయడం మానేసినా మనిషికి తెలియకపోవచ్చు, రెండోది నెట్టుకొస్తుంది. రెయిడ్‌లోనూ అంతే. ఒక డిస్కు పోయినా కంప్యూటరు మామూలుగానే నడుస్తుంది కనుక, వెంటనే ఈమెయిలు హెచ్చరిక వచ్చేలా అమర్చుకోవాలి. ఇక రక్తంలో విషం చేరితే అది రెండు మూత్రపిండాలకూ చేరుతుంది. పొరపాటున చెరిపిన ఫైలు రెండు డిస్కుల నుంచీ పోతుంది. డబ్బు కోసం ఫైళ్ళకు తాళం వేసే వైరస్, దొంగతనం, అగ్నిప్రమాదం కూడా రెండింటినీ కలిపే దెబ్బతీస్తాయి.

కాబట్టి రెయిడ్ వేరు, బ్యాకప్ వేరు. కార్డుకు పెట్టే డబ్బుతో మరో బయటి డిస్కు కొని, ప్రతి తీసి, పాస్‌వర్డుతో భద్రం చేసి, వేరే ఇంట్లో ఉంచడం మేలు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు తోబుట్టువుల ఇంట ఒకటి ఉంచి, మళ్ళీ వెళ్ళినప్పుడు కొత్తదానితో మార్చుకోవచ్చు. ఏడాదికొకసారైనా ఆ ప్రతిలోంచి కొన్ని ఫైళ్ళు తెరిచి చూడాలి. తెరుచుకుంటేనే అది ప్రతి.