పగిలిన గాజుల కొలువు

సంక్రాంతి పండుగకు బొమ్మల కొలువు తీర్చునపుడు చేయి విరిగిన బొమ్మను, మూతి చిట్లిన కూజాను మనము ప్రక్కకు తీసివేయుదుము. పగిలిన వస్తువు ఇంట నుండరాదని పెద్దలు చెప్పుదురు. అట్లు ఇల్లు వెడలిన గాజు ముక్కలు, పింగాణీ పెంకులు, తుప్పు పట్టిన యినుము, చింకి గుడ్డలు ఊరి వెలుపలి దిబ్బను చేరును. వానిని మరల తలచువారుండరు. కాని మన దేశముననే యొక నగరమున అట్టి వస్తువులతోనే గొప్ప కొలువు తీర్చబడినది. రాజులు, రాణులు, సైనికులు, నాట్యకత్తెలు, కోతులు, నెమళ్లు అందు బారులు తీరి నిలిచియున్నవి. అదియే చండీగఢ్ నగరమందలి శిలోద్యానము. జనులు దానిని రాక్ గార్డెన్ అని పిలుతురు.

1947లో దేశవిభజన జరిగినపుడు పంజాబు రెండు ముక్కలయ్యెను. దాని రాజధానియైన లాహోరు పాకిస్తానునకు పోయెను. మనకు దక్కిన పంజాబునకు క్రొత్త రాజధాని కావలసివచ్చెను. అందులకై శివాలిక్ కొండల చెంత చండీగఢ్ నగరమును నిర్మింప దొడగిరి. లె కొర్బూజియే అను జగత్ప్రసిద్ధుడైన వాస్తుశిల్పి దానికి రూపకల్పన చేసెను. వీథులు తిన్నగ నుండవలెను. ప్రతి కట్టడమునకు నియమిత స్థానముండవలెను. ఇది ఆ నగర నిర్మాణమున పాటించిన సూత్రము. నగరమునకు చోటు కల్పించుటకై అచటి పల్లెలు పెక్కింటిని ఖాళీ చేయించిరి. ఇండ్లు కూలెను. వానిలోని కుండలు, గాజులు, పాత్రలు పెంకులై దిబ్బలుగా మిగిలెను.

ఆ దిబ్బలవైపు ఆదరముతో చూచిన వాడొక చిరుద్యోగి. ఆయన పేరు నేక్‌చంద్. 1924లో బరియాన్ కలాన్ అను పల్లెలో జన్మించెను. ఆ పల్లె యిప్పుడు పాకిస్తానులో నున్నది. విభజన వేళ ఆయన కుటుంబము పుట్టిన ఊరు విడిచి భారతదేశమునకు వచ్చెను. తరువాత ఆయన చండీగఢ్‌లో రోడ్డు పనులను పర్యవేక్షించు ఇన్‌స్పెక్టరుగా కుదిరెను. శిల్పవిద్యను ఏ గురువు నొద్దను అభ్యసింపలేదు.

1958 ప్రాంతమున ఆయన తన పనిని మొదలిడెను. పగలు ఉద్యోగము, సాయంకాలము సైకిలుపై సంచారము. వాగులలో మనిషిని, పక్షిని, మృగమును పోలిన రాళ్లు కనబడినచో ఏరి తెచ్చుకొనెడివాడు. కూలిన ఇండ్ల దిబ్బలనుండి పెంకులను తెచ్చెడివాడు. సుఖ్నా చెరువు సమీపమున పొదలు క్రమ్మిన పల్లపు చోట వానిని కూడబెట్టెను. అది ప్రభుత్వపు అటవీభూమి. అచట ఎట్టి నిర్మాణమును చేయరాదని నిషేధముండెను. అందుచేత ఆయన రాత్రులందు రహస్యముగా, పాత టైర్లను కాల్చి ఆ వెలుగున పని చేసెను. ఇట్లు పదునేనేండ్లకు పైగా ఆ శిల్పసంపద అడవి గాచిన వెన్నెలవలె నుండెను.

ఆ బొమ్మలను చేసిన విధము తెలిసికొనదగినది. సిమెంటు బరువును మోయగలదు. కాని వంచినను, లాగినను తాళలేక బీటలు వారును. కనుక దాని లోపల ఎముకలవలె ఇనుము ఉండవలెను. నేక్‌చంద్ ఇందులకు చువ్వలను, పాత గొట్టములను, విరిగిన సైకిళ్లను వాడెను. సైకిలు చట్రము జంతువునకు మొండెమయ్యెను. చక్రమును పట్టియుంచు ఇనుప కొమ్మలు కాళ్లయ్యెను. సీటు తలయయ్యెను. ఈ చట్రమునకు చింకి గుడ్డలు చుట్టి, వానిపై సిమెంటు, ఇసుక కలిపిన ముద్దను మెత్తెను. గుడ్డల గరుకుదనము ముద్దను జారనీయక పట్టియుంచును. పిదప పైన నున్నని సిమెంటు పూత పూసి, అది తడి ఆరకముందే గాజు ముక్కలను, పెంకులను ఒక్కొక్కటిగ అదిమెను. రంగు గాజులు స్త్రీల బొమ్మలకు చీరలయ్యెను. తెల్లని పింగాణీ ముక్కలు మరికొన్నింటికి అంగీలయ్యెను. గాజునకు, పింగాణీకి గల రంగు ఎండకు తేలికగ వెలియదు; వానకు కరగదు. పాడైపోయిన విద్యుత్సామగ్రి, ఖాళీ తారుపీపాలు గోడలకు అక్కరకు వచ్చెను.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. చెత్త దానంతట అది కళ కానేరదు. కుప్పగా పోసిన పెంకులు కుప్పగనే యుండును. ఏ ముక్క రంగు దేనికి నప్పునో, ఏ రాయి వంపు ఏ ప్రాణిని తలపించునో కనిపెట్టి, తగినచోట నిలుపువరకు ఓపికతో దాచవలెను. ఏరుటయే ఈ కళకు ప్రాణము.

1975 ప్రాంతమున ఈ రహస్యము అధికారులకు తెలిసెను. అప్పటికి సుమారు 12 ఎకరముల భూమి బొమ్మలతో, బాటలతో నిండియుండెను. చట్టప్రకారము దానిని కూలద్రోయవలెను. అడవిని కాపాడు చట్టము మంచిదే. ఒకనికి అనుమతి నిచ్చినచో పదుగురు ఆక్రమింతురను భయమును సహేతుకమే. కాని ఈ మనుజుడు ఆ భూమిని తన సొంతమునకు వాడుకొనలేదు, ఇల్లు కట్టలేదు, దుకాణము పెట్టలేదు. వార్త విని జనులు తండోపతండములుగా వచ్చి చూచిరి. అధికారులు బాగుగ ఆలోచించి తోటను నిలుపుటకే నిశ్చయించిరి. 1976లో దానిని ప్రజలకు తెరచిరి. నేక్‌చంద్‌నకు జీతమిచ్చి, 50 మంది పనివాండ్రను తోడిచ్చి, ఆ తోట పనికే నియమించిరి. శిక్ష ననుభవింపవలసిన చేతులకే పని అప్పగింపబడెను. 1984లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను.

అంతటితో ఆపదలు తీరలేదు. 1990లో తోటలో కొంత భాగమును పడగొట్టుటకు యంత్రములు రాగా, పౌరులు వాని కడ్డముగా నిలిచి కాపాడిరి. నేక్‌చంద్ 2015లో తన తొంబదియవ యేట మరణించెను. 2025లో రోడ్డు విస్తరణమునకై తోట గోడలో కొంత పడగొట్టగా పలువురు నిరసన తెలిపిరి. ఒక తరము నిలిపిన దానిని తరువాతి తరమును కాపాడుకొనవలసియే యుండును.

నేడు ఆ తోటను చూడబోవువారు తలుపులు పొట్టివగుటచే పలుచోట్ల తల వంచి లోనికి పోవలసియుండును. ఎందరో ఇల్లాండ్రు ధరించి పారవేసిన గాజులు అచట బొమ్మల మేనులపై తళతళలాడుచుండును. బాలబాలికలారా! ఏదేని వస్తువును దిబ్బపై వేయుటకు ముందు ఒక్క క్షణము దానిని త్రిప్పి చూడుడు. దాని పని తీరినదో, లేక మన చూపే చాలలేదో ఆలోచింపుడు.