పెరటి దడికి తంగేడు

వేసవి ముదరగానే మన ఇండ్లలో ముందుగా వాడునవి కుండీలలోని క్రోటన్లు. త్రాగుటకే నీరు చాలని వీధులలో వానికి బిందెలకొద్దీ నీరు మోయుట గృహిణులకు ఒక శిక్ష. నీరడుగని పొద మన బీళ్ళలోనే కలదు. అదియే తంగేడు. సంస్కృతమున దీనిని ఆవర్తకీ అందురు. తెలంగాణ, రాయలసీమల ఎఱ్ఱనేలలందే గాక రాజస్థానపు మెట్టలలోను ఇది పెరుగును. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. బతుకమ్మ పేర్చు ఇల్లాండ్రకు ఆ గౌరవము క్రొత్తది కాదు.

గింజ పైపొర గట్టిది. కాచి దించిన వేడినీటిలో రాత్రంతా నానవేసి, తొలకరిలో రెండు మూడడుగుల ఎడమున నాటవలెను. మొదటి యేడు అప్పుడప్పుడు తడిపిన చాలును. వేరు దిగిన పిదప వానయే ఆధారము. నీరు నిలుచు చోట మాత్రము బ్రతుకదు. చెక్కయందు తోళ్ళను పదును చేయు వగరు మెండు. మేకలు, పశువులు సాధారణముగా దీని జోలికి రావు; కనుక గేటు వెలుపలను నాటవచ్చును.

అయితే పసుపు పూల దడి యనగానే పట్టణములలో పలువురు పచ్చగన్నేరు నాటుచున్నారు. దాని గింజ గుండెను ఆపు విషము. పిల్లలున్న ఇంట అది వలదు. దాని ఆకు సన్నగా, పొడవుగా నుండును. త్రుంచిన పాలు కారును. పువ్వు గరాటు వంటిది. తంగేడున పాలు లేవు. ఈనెకు ఇరువైపుల చింతాకు వలె చిన్నాకుల జతలు, ఈనె మొదట చెవి వంటి రెక్క, పలుచని చిక్కుడు వంటి కాయ ఉండును. పిల్లవాడు గన్నేరు గింజ నమిలెనన్న అనుమానము కలిగినచో చింతపండు నీళ్ళు, మజ్జిగ యని కాలము జరుపక తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను.

ఇక ఔషధ విషయము. తంగేడు వగరు, శీతలము. నీడన ఎండిన పూలపొడిని పెసరపిండితో కలిపి నలుగు పెట్టుట మంచి అలవాటు. గింజలపొడిని కంట పెట్టుట పాత వాడుక; నేను అంగీకరింపను. మధుమేహమునకు పూల కషాయము పూర్వాచారము. ఎలుకలపై జరిపిన పరీక్షలలో పూలసారము రక్తమునందలి చక్కెరను తగ్గించినది. అంతమాత్రమున మాత్రలు, ఇన్సులిన్ మానరాదు. రెండును కలిపి తీసుకొనిన చక్కెర మితిమీరి పడిపోవచ్చును. మూర్ఛకు కార్బమజెపిన్ వాడువారును వైద్యుని అడుగక దీనిని త్రాగరాదు, ఎలుకలలో ఇది ఆ మందును రక్తమున హెచ్చించినట్లు తేలినది. గర్భిణులకు నేనీ కషాయము ఇయ్యను.